కుదువకొచ్చిన రివాల్వర్

“కుదువ అంగట్లో ఒకటుందన్నా. పెట్టినోళ్లు వడ్డీ కూడా కట్టకుండా వదిలేసినారంట. కొత్తదైతే లక్ష పైమాటే. ఇది అందులో మూడో వంతుకే వస్తాది. నువ్వు ఊఁ అంటే మాట్లాడొస్తా.”

ఇలాంటి మాట చెవిన పడ్డాక మనిషికి ఒక పట్టాన నిద్ర పట్టదు. అతను గట్టు తగాదాలో ఇరుక్కున్న రైతు కావచ్చు, ఊరికి దూరంగా తోటలో కాపురమున్నవాడు కావచ్చు, సంత ముగిశాక చీకట్లో డబ్బుతో ఇల్లు చేరే వ్యాపారి కావచ్చు. మనసు ముందు ధర దగ్గరికే పోతుంది. తుప్పు పట్టిందా, సరిగ్గా పేలుతుందా, ఇంకో ఐదువేలు తగ్గిస్తాడా అని. అవన్నీ అడగాల్సినవే, కానీ వరసలో చివరివి. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటే: ఆ రివాల్వర్ ఆ అంగట్లోకి ఎలా వచ్చింది?

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని అరసికెరె లాంటి ఊళ్లో ఈ ప్రశ్నకు బరువెక్కువ. హాసన్ జిల్లాలో రైల్వే జంక్షన్ ఉన్న అరసికెరె వేరు, ఇది వేరు. ఇక్కడ ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం కన్నడం. తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర నేలే. వానను నమ్ముకున్న వేరుశెనగ చేలు, ఏ ఏడు ఎండిపోతాయో తెలియని బోర్లు. ఇలాంటి చోట కుదువ అంగడి అంటే జనానికి భయమేమీ లేదు. విత్తనాలకు డబ్బు చాలకపోతే కమ్మలో గాజులో పెట్టి తెచ్చుకుంటారు, పంట చేతికొస్తే విడిపించుకుంటారు. తాతల నాటి నుంచీ నడుస్తున్న నమ్మకం అది. బంగారం దగ్గర అలవాటైన ఆ నమ్మకాన్నే తుపాకి దగ్గరికీ తీసుకుపోవడంలో ప్రమాదమంతా ఉంది. బంగారాన్ని కరిగిస్తే దాని పాత కథ కూడా కరిగిపోతుంది. తుపాకి కథ కరగదు.

కుదువ పెట్టినా చేతులు మారినట్టే

ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందున్నది లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు తెచ్చిన 1878 నాటి చట్టం. తెల్లవాళ్లకు మినహాయింపులిచ్చి భారతీయుల చేతికి మాత్రం సంకెళ్లు వేసినందుకు దాన్ని మనవాళ్లు దశాబ్దాల పాటు అసహ్యించుకున్నారు. స్వతంత్ర దేశం రాసుకున్న చట్టం ఆ జాతిభేదాన్ని తీసేసింది కానీ, ఆయుధం ఎవరి దగ్గరుందో రాజ్యానికి తెలిసి తీరాలన్న పట్టును వదల్లేదు.

ఈ చట్టం ‘బదిలీ’ అనే మాటకు అమ్మకం ఒక్కటే అర్థంగా చెప్పలేదు. అద్దెకివ్వడం, అరువివ్వడం, ఊరికే ఇచ్చేయడం, తన స్వాధీనం నుంచి ఇంకొకరి స్వాధీనంలోకి వదలడం అన్నీ అందులోకే వస్తాయి. కుదువ పెట్టడమంటే వస్తువును అవతలివాడి స్వాధీనంలో వదిలిరావడమే కదా. అమ్మడానికైనా, చేతులు మార్చడానికైనా, మరమ్మతుకైనా తుపాకిని దగ్గర పెట్టుకునే వ్యాపారికి ఐదో సెక్షన్ కింద ప్రత్యేకంగా ఆయుధాల డీలర్ లైసెన్స్ ఉండాలి. కుదువ అంగడి నడిచేది 1961 నాటి కర్ణాటక పాన్‌బ్రోకర్ల చట్టం కింద తీసుకున్న లైసెన్స్‌తో. గోడకు ఎంత అందంగా ఫ్రేము కట్టించి తగిలించినా ఆ కాగితం తుపాకికి పనికిరాదు.

కాబట్టి పెట్టినవాడు, పట్టినవాడు, కొన్నవాడు ముగ్గురూ నేరంలో ఉన్నట్టే. 2019 సవరణ తర్వాత శిక్షలు బాగా పెరిగాయి. లైసెన్స్ లేకుండా మామూలు తుపాకి దగ్గరుంటే తక్కువలో తక్కువ రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, పైన జరిమానా. అక్రమంగా అమ్మినా, బదిలీ చేసినా ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. తక్కువ ధరకు వచ్చిందని మురిసిపోయేవారు ఈ అంకెల్ని కూడా ధరలో కలుపుకోవాలి.

“నాకు లైసెన్స్ ఉంది, నేనెందుకు భయపడాలి?” అనేవారూ ఉంటారు. లైసెన్స్ మనిషికి ఇచ్చేదే, కానీ అందులో తుపాకిని రాయాలి. ఎవరు తయారుచేశారు, ఏ బోరు, నంబరెంత, ఎవరి దగ్గర కొన్నారు అన్నీ. 2016 ఆయుధ నిబంధనల తర్వాత ప్రతి లైసెన్సుకూ దేశమంతటికీ ఒకటే అయిన డేటాబేస్‌లో గుర్తింపు సంఖ్య ఉంటుంది. కుదువ అంగడి నుంచి తెచ్చిన రివాల్వర్‌కు ఆ వరుసలో రాయించుకోవడానికి ‘ఎవరి దగ్గర’ అన్న చోట పేరుండదు. లైసెన్సు ఇంట్లో, ఆయుధం చేతిలో ఉన్నా, ఆ రెంటికీ సంబంధం లేనప్పుడు లైసెన్స్ లేనట్టే లెక్క.

ట్రంకుపెట్టె నుంచి

అయినా కుదువకు తుపాకి ఎలా వస్తుంది? దొంగసొత్తు ఒక దారి. కానీ పల్లెల్లో ఎక్కువగా ఊహించదగ్గ దారి అంతకంటే మామూలుది, అంతకంటే జాలి కలిగించేది. ఇంటి పెద్దాయనకు లైసెన్స్ ఉండేది. ఆయన పోయారు. కర్మకాండలు, ఆస్తి పంపకాలు, ఆసుపత్రి బాకీలు. ఆ గందరగోళంలో పంచెల కింద, పట్టాదారు కాగితాల పక్కన ట్రంకుపెట్టెలో ఉన్న రివాల్వర్ సంగతి ఎవరికీ పట్టదు. లైసెన్స్‌దారు పోయిన నాటి నుంచి అది ఇంట్లో ఉండటమే చట్టానికి విరుద్ధమని ఆ పిల్లల్లో చాలామందికి తెలియనే తెలియదు. నాలుగేళ్లకు కరువొస్తుంది. బంగారం అప్పటికే అంగట్లో ఉంటుంది. అమ్మడానికి ఇంకేముందా అని వెతికితే పెట్టె అడుగున నల్లగా, బరువుగా అది చేతికి తగులుతుంది.

వాళ్లు నేరస్థులు కాదు. వాళ్లకు ఎవరూ దారి చెప్పలేదు, అంతే. 2016 నిబంధనల ప్రకారం లైసెన్స్‌దారు పోయాక చట్టబద్ధ వారసుడు తన పేరిట దరఖాస్తు చేసుకోవచ్చు. అసలు బతికుండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, లేదా ఆ ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, వారసుడికి మార్చమని అడగొచ్చు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఎన్ని తుపాకులు పెట్టెల్లోనే చట్టం లోపల ఉండిపోయేవో.

తుపాకి కుదువ దాకా రావడానికి 2019 సవరణ ఇంకో దారి కూడా తెరిచింది. అంతకుముందు ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చు. దాన్ని రెండుకు తగ్గించి, అదనంగా ఉన్నదాన్ని ఏడాదిలోగా అప్పగించమన్నారు. గడువు 2020 డిసెంబర్ 13తో ముగిసింది. అప్పగించకుండా మిగిలిపోయినది ఏదైనా ఉంటే అదీ ఇప్పుడు దిక్కులేని ఆయుధమే.

నంబరు చెరిపితే

పాత రివాల్వర్ ఎవరైనా చూపిస్తే ముందు నంబరు చూడాలి. చట్టం ఎనిమిదో సెక్షన్ ఇక్కడ చాలా కఠినంగా ఉంది. తయారీదారు పేరు, నంబరు చెరిపేసిన, మార్చేసిన తుపాకి మీ దగ్గర దొరికితే ఆ చెరిపింది మీరేనని కోర్టు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. కుదువ అంగడివాడి మీదో, వాడికి తెచ్చిచ్చిన ఊరూపేరూ లేనివాడి మీదో నెట్టేయడం అంత తేలిక కాదు. అది దొంగసొత్తని తెలిసి కొన్నారని తేలితే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కూడా వచ్చి చేరుతుంది.

నంబరు చెరిగినా ఇనుము మీద ఇంకో గుర్తు మిగిలే ఉంటుంది. బ్యారెల్ లోపల తూటాను గిర్రున తిప్పే మెలికల గాడులుంటాయి. ఆ గాడుల గీతలు తూటా మీద పడతాయి. పేలాక మిగిలే తూటా గుల్ల అడుగున పిన్ను కొట్టిన చోట కూడా ఒక ముద్ర మిగులుతుంది. 2015 ఆగస్టు 30న ధార్వాడలో పరిశోధకుడు ఎం.ఎం. కల్బుర్గిని, 2017 సెప్టెంబర్ 5న బెంగళూరులో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్‌ను చంపింది ఒకే నాటు తుపాకి అని కర్ణాటకలో దర్యాప్తు తేల్చింది ఇలాంటి గుర్తుల్ని పోల్చే. రెండేళ్లు, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం గడిచినా ఆ ఇనుము తన పాత పని చెప్పింది. మీ చేతికొచ్చే పాత రివాల్వర్ ఏ ఊళ్లో ఏం చేసొచ్చిందో మీకు తెలియదు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పెడితే దానికి తెలుస్తుంది. ఆ రోజు దాని యజమాని ఎవరని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు.

మన చుట్టుపక్కల నేల ఈ విషయంలో అమాయకమైనది కాదు. పావగడకు ఆనుకునే ఉన్న పెనుకొండకు ఎమ్మెల్యేగా ఉన్న పరిటాల రవిని 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గరే కాల్చి చంపారు. ఆ తర్వాత మూడు వారాలు కూడా తిరక్కుండానే, ఫిబ్రవరి 10 రాత్రి, పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లిలో రిజర్వ్ పోలీసుల మకాం మీద మావోయిస్టులు దాడి చేసి ప్రాణాలు తీశారు, ఆయుధాలు ఎత్తుకెళ్లారు. ఇలాంటి చరిత్ర ఉన్న సరిహద్దులో పుట్టుపూర్వాలు తెలియని తుపాకి ఇంట్లో పెట్టుకోవడమంటే ఎవరి రక్తాన్నో తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం కావచ్చు.

అల్లూరి సీతారామరాజు గుర్తొస్తారు ఇక్కడ. 1922 ఆగస్టులో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకుపోయినప్పుడు, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం చేశాడాయన. ప్రభుత్వాన్నే కాదన్న మనిషి కూడా ఆయుధానికి లెక్క ఉండాలనుకున్నాడు.

నిజంగా పాతదే కొనాలనుకుంటే

పాత రివాల్వర్ కొనడం మన దేశంలో నేరమేమీ కాదు. దారి మాత్రం కుదువ అంగడి గుండా పోదు. 21 ఏళ్లు నిండినవారు జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే అరసికెరెవాళ్లయితే తుమకూరు డీసీ ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసుల నివేదిక వస్తుంది. ఆయుధం ఎందుకు కావాలో కారణం చూపాలి, సురక్షితంగా వాడటంలో శిక్షణ తీసుకోవాలి, తాళం వేసి దాచుకోగల చోటుండాలి. లైసెన్స్ చేతికొచ్చాకే కొనుగోలు మాట. ఇప్పుడు లైసెన్స్ గడువు ఐదేళ్లు, ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి.

ఆయుధం దొరికే చోట్లు రెండు. ఒకటి లైసెన్స్ ఉన్న ఆయుధాల అంగడి. రెండోది తన సొంతానికి చట్టబద్ధంగా ఉంచుకున్న ఇంకో లైసెన్స్‌దారు. ఈ రెండో పద్ధతిలో అమ్మేవాడు ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. ఆ 45 రోజులు జనానికి విసుగు పుట్టిస్తాయి. నాకైతే చట్టంలో అన్నిటికంటే మంచి వాక్యం అదేననిపిస్తుంది. కోపంలో కొనాలనుకున్నవాడికి చల్లారే వ్యవధి అది.

పౌరులకు దొరికే రివాల్వర్లలో ఎక్కువగా కనిపించేది .32 బోరు, ఆరు తూటాలది. కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం 2014 జనవరిలో మహిళల కోసమని ‘నిర్భీక్’ అనే తేలికపాటి రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో ప్రాంతం, అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఆయుధ కర్మాగారాల బోర్డును 2021 అక్టోబర్ 1న ఏడు కంపెనీలుగా విడగొట్టాక చిన్న ఆయుధాల తయారీ కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీ కిందికి వెళ్లింది. 1980ల నుంచి మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోవడంతో, తాతల నాటి ఇంగ్లీషు, అమెరికా రివాల్వర్లకు కాగితాలుంటే కొత్తవాటి కంటే ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. నిజమైన కాగితాలున్న పాత సరుకు చౌకగా రాదని దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. ఎవరైనా చౌకగా ఇస్తున్నారంటే కాగితాలు లేవని చెప్పకనే చెబుతున్నట్టు. ఇక .303, 9 ఎంఎం లాంటివి నిషిద్ధ బోరు. వాటి జోలికి పోతే శిక్ష ఏడేళ్ల నుంచే మొదలు.

కాగితాలన్నీ సరిపోయాక ఇనుము సంగతి. ఈ పని ఆయుధాల అంగట్లో పనిచేసే మెకానిక్ చేత చేయించడమే మేలు. సిలిండర్ ఖాళీ చేసి, ఒకటికి రెండుసార్లు చూసి, అప్పుడు చేతిలోకి తీసుకోవాలి. హ్యామర్ లాగినప్పుడు సిలిండర్ ప్రతి గదీ బ్యారెల్‌కు సరిగ్గా ఎదురొచ్చి బిగుసుకోవాలి. ఒక్క గది కాస్త పక్కకున్నా తూటా అంచు చెక్కుకుపోయి సీసం ముక్కలు కాల్చేవాడి చేతి మీదికే ఎగజిమ్ముతాయి. సిలిండర్ ముందుకూ వెనక్కూ ఊగకూడదు. బ్యారెల్‌లోకి వెలుతురు పెట్టి చూస్తే గాడులు పదునుగా కనబడాలి, గుంతలుంటే దశాబ్దాల పాటు ఎవరూ తుడవలేదని గుర్తు. స్క్రూల తలలు అరిగుంటే తెలియనివాడెవడో విప్పాడని. పైన మెరుగు పెట్టించి కొత్తగా మెరుస్తుంటే సంతోషించకండి, ఆ మెరుగు కింద నంబరు మీద ఆకురాయి పెట్టారేమో చూడండి.

సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకో మాట. లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. కర్ణాటక వరకే అని రాసున్న లైసెన్స్‌తో నడుముకు రివాల్వర్ పెట్టుకుని ఆంధ్రలోకి పెళ్లికి పోతే, దారిలో బోర్డు మారిన చోటే ఆ లైసెన్స్ చెల్లుబాటు ఆగిపోతుంది. పావగడ తాలూకాలో బండెక్కితే ఆ బోర్డు రావడానికి ఎంతోసేపు పట్టదు. పెళ్లిలో సంబరానికి గాల్లోకి కాలిస్తే, లైసెన్స్ ఉన్నా సరే, రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. కర్ణాటకలోనే కొడగు ప్రాంతపు కొడవలకు తరాలుగా లైసెన్స్ మినహాయింపు ఉంది, కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. అది వాళ్లకు, వాళ్ల నేల చరిత్రకు ఇచ్చింది. దాన్ని చూపించి మనం అడగలేం.

భయానికి ఎదురుగా

ఇక్కడిదాకా చదివి, అన్నీ చట్టప్రకారమే చేస్తానని అనుకునేవారితో ఇంకాస్త మాట్లాడాలని ఉంది.

ఎందుకు కావాలి? గట్టు తగాదానా? దానికి సర్వేయరున్నాడు, కోర్టుంది. తుపాకి చూపించిన మరుక్షణం సివిల్ తగాదా క్రిమినల్ కేసవుతుంది, గట్టు మాత్రం అక్కడే ఉంటుంది. దొంగల భయమా? నిద్రమత్తులో, చీకట్లో, తాళం తీసి, రివాల్వర్ పట్టుకుని, ఎదురుగా ఉన్నది దొంగా లేక నీళ్లకు లేచిన కొడుకా అని తేల్చుకోవడానికి దొరికేది ఒకటి రెండు క్షణాలు. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన పోలీసులే ఆ క్షణాల్లో పొరబడుతుంటారు.

2024 నవంబర్‌లో అమెరికాలోని అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకడు తన పుట్టినరోజునే, కొత్తగా కొన్న తుపాకిని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. అతని వయసు పాతికలోపే. ఆ దేశంలో కుదువ అంగడిలో తుపాకి దొరకడం మామూలే. అక్కడ కూడా ఆ అంగడికి ఆయుధాల డీలర్ లైసెన్స్ ఉండాలి, కొనేవాడు ఫారం నింపాలి, నేరచరిత్ర తనిఖీ దాటాలి. తాను కుదువ పెట్టిన తుపాకిని తానే విడిపించుకోవడానికి వచ్చినా ఆ తనిఖీ తప్పదు. తుపాకి హక్కును రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం కూడా కుదువ కౌంటర్ దగ్గర ఆగి చూస్తుంది. మన రాజ్యాంగంలో అలాంటి హక్కు లేదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో మళ్లీ గుర్తుచేసింది.

అదే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో రెండు కోట్ల అరవై లక్షల మంది వివరాల్ని పన్నెండేళ్ల పాటు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. చేతి తుపాకి లేని మగవాళ్లతో పోలిస్తే ఉన్న మగవాళ్లు తుపాకితో తమ ప్రాణం తామే తీసుకోవడం దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువగా జరిగింది. ఆడవాళ్లలో అది 35 రెట్లు. ఆ తుపాకులు కొన్నవాళ్లలో చాలామంది వాటిని దొంగ కోసమే కొని ఉంటారు.

ఈ లెక్క నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది మన నేల వల్లే. బోరు ఎండి, అప్పు పెరిగి, కూతురి పెళ్లి వాయిదా పడి, రాత్రంతా వసారాలో కూర్చునే మనుషులున్న నేల ఇది. మనసు మునిగిపోయే ఆ గంట ఎంత చీకటిదైనా, దాటితే దాటిపోతుంది. చేతికి అందేంత దూరంలో తుపాకి ఉంటే దాటే అవకాశం ఉండదు. ఇంట్లో అలాంటి దిగులున్న మనిషి ఉంటే, లైసెన్స్ ఉన్నా సరే ఆయుధం ఇంట్లో ఉంచకండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు.

ఇప్పటికే ఇంట్లో ఉంటే

ఇది చదువుతున్న ఏదో ఒక ఇంట్లో నాయన పెట్టెలో ఒకటుండే ఉంటుంది. దాన్ని కుదువ పెట్టకండి. భయపడి రాత్రికి రాత్రి చెరువులోనో పాడుబడ్డ బావిలోనో పారేయకండి. నీళ్లు తగ్గితే అది ఏ పసివాడి చేతికో దొరుకుతుంది.

చట్టం 21వ సెక్షన్ దీనికోసమే ఉంది. స్వాధీనం చట్టబద్ధత కోల్పోయిన ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల అంగట్లోగానీ జమ చేయమంటుంది. అరసికెరెలో పోలీస్ స్టేషన్ ఉంది. ఇప్పటికే ఏళ్లు గడిచిపోయుంటే ముందు ఒక వకీలుతో మాట్లాడి, పాత లైసెన్స్ పుస్తకం, మరణ ధ్రువపత్రం దగ్గర పెట్టుకుని వెళ్లడం మంచిది. జమ చేసినంత మాత్రాన ఆస్తి పోయినట్టు కాదు. గడువు లోపల వారసుడు తన పేరిట లైసెన్స్ తెచ్చుకుంటే ఆయుధం వెనక్కి వస్తుంది. వద్దనుకుంటే అర్హత ఉన్నవాళ్లకు అమ్మి ఆ డబ్బు తీసుకోవచ్చు. గడువు దాటనిస్తేనే అది ప్రభుత్వపరం అవుతుంది. కుదువ అంగడివాడు ఇచ్చే చిల్లర కంటే, కాగితాలున్న పాత రివాల్వర్‌కు ఈ దారిలో వచ్చేదే ఎక్కువ. జమ చేసేటప్పుడు రసీదులో తయారీదారు పేరు, బోరు, నంబరు, తూటాలెన్నో విడివిడిగా రాయించుకుని, ముద్ర వేయించుకుని, ఒక నకలు ఇంట్లో దాచుకోండి.